ఆంగ్లంలో ‘గిడ్డీ’ అంటే తల తిరగడమేనా?

ఆంగ్ల విశేషణం ‘గిడ్డీ’కి తల తిరిగి తూలిపోతున్నట్లున్న స్థితి అనే కాక, పట్టరాని ఉత్సాహంతో మనసు నిలకడ తప్పిన స్థితి అనే అర్థం కూడా ఉంది, ఏది వర్తిస్తుందో సందర్భాన్ని బట్టి గ్రహించాలి.

ఈ రెండింటినీ కలిపేది నిలకడ కోల్పోవడమనే భావం. ప్రాచీన ఆంగ్లంలో ఈ మాటకు పిచ్చిపట్టిన, ఏదో శక్తి ఆవహించిన అనే అర్థం ఉండేది. కాలక్రమంలో ఆ తీవ్రత తగ్గిపోయి, చపలచిత్తం, తల తిరుగుడు అనే అర్థాలు స్థిరపడ్డాయి.

ఎత్తైన నిచ్చెన మీద నుంచి కిందికి చూసిన వ్యక్తి ‘ఐ ఫీల్ గిడ్డీ’ అంటే అతనికి కళ్లు తిరుగుతున్నాయని అర్థం. పరీక్షాఫలితం విన్న అమ్మాయిని ‘గిడ్డీ విత్ జాయ్’ అని వర్ణిస్తే మాత్రం ఆమె ఆనందంతో ఉబ్బితబ్బిబ్బయిందని గ్రహించాలి, అక్కడ అనారోగ్యం ప్రసక్తే లేదు.

ఈ మాట జబ్బుకు మాత్రమే సంబంధించినదన్న అపోహ చాలామందిలో ఉంది. నిజానికి అమెరికన్ ఆంగ్లంలో ఉత్సాహమనే అర్థమే ఎక్కువగా స్ఫురిస్తుంది కనుక, అక్కడి వైద్యునితో మాట్లాడేటప్పుడు తల తిరుగుతోందని చెప్పడానికి ‘డిజ్జీ’ అనడం మేలు. స్పృహ తప్పడాన్ని కూడా కొందరు ‘గిడ్డీ’ అంటారు కానీ, అది సరికాదు. దానికి ‘ఫెయింట్’ అనే వేరే మాట ఉంది. అలాగే ఇది విశేషణం కాబట్టి ‘ఐ హావ్ గిడ్డీ’ అనకూడదు. నామవాచకం కావలసినచోట ‘గిడ్డీనెస్’ అనాలి.