గెట్టు పంచాయితీకి వెళ్లబోయే బిడ్డకు

బిడ్డా, ప్రభువు నామంలో వందనాలు.

నర్సంపేట దగ్గరి ఆ అన్నదమ్ముల గెట్టు పంచాయితీలో నిన్ను మాట్లాడమన్నారని తెలిసింది. ఒకే సంఘంలో ఉంటూ, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ప్రభు బల్ల దగ్గరికి వస్తున్నారంటే నా మనసు కష్టపడుతోంది. తప్పకుండా వెళ్లు. కానీ ఏ పని మీద వెళ్తున్నావో తెలుసుకుని వెళ్లు.

ఆస్తి పంచమని మా అన్నకు చెప్పు అని ఒకడు అడిగితే, యేసు ప్రభువే ఆ తీర్పు పని తీసుకోలేదు. లూకా 12లో చూడు. గెట్టు ఎక్కడుందో సర్వేయర్ కొలిచి చెప్తాడు. కొలిచాక కూడా మిగిలిపోయే కోపం దగ్గరే నీ పని.

యోబు తన శ్రమలో వెతికింది ఇద్దరి మీదా చెయ్యి వేయగలిగే మధ్యవర్తిని. ఆ చెయ్యి ఒకరి భుజం మీదే ఉందని రెండోవాళ్లకు అనిపిస్తే ఇక నీ మాట ఎవరూ వినరు. ఒకరింట్లో చాయ్ తాగితే ఇంకొకరింట్లోనూ తాగు. మొదట విన్నవాడి మాట న్యాయంగానే అనిపిస్తుందని సామెతలు 18లో ఉంది, రెండోవాడిది వినేదాకా ఏదీ తేల్చకు. ఇక్కడి తిట్లు అక్కడికి మోయకు. వాళ్ల భార్యలను కూడా కూర్చోబెట్టి విను. మన పంచాయితీల్లో ఆడవాళ్లను దూరంగా నిలబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, సగం సంగతి వాళ్లకే తెలుసు. కొన్ని ఊళ్లలో పెద్దమనుషులు ధరావతు కట్టించుకుంటారు. నువ్వు పైసా ముట్టకు.

వెళ్లేముందు ఫిలేమోను పత్రిక చదువు, ఒక్క అధ్యాయమే. ఫిలేమోను దాసుడైన ఒనేసిము గురించి, అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తానని పౌలు ఫిలేమోనుకు స్వహస్తాలతో రాశాడు. మధ్యలో నిలబడడమంటే నాకు తెలిసింది అదే. దేవునికీ మనకూ మధ్య నిలిచిన క్రీస్తు తన ప్రాణమే పెట్టాడు కదా! నీకైతే సర్వే ఖర్చు పడొచ్చు, పనులు మానుకుని తిరగాల్సి రావచ్చు, ఇద్దరి చేతా మాటలు పడాల్సి రావచ్చు. పడు బిడ్డా. నీ జేబు నుంచి, నీ పరువు నుంచి కొంత పోతోందని చూసినప్పుడే వాళ్ల పట్టు సడలుతుంది.

కేసు కోర్టులో ఉంది కాబట్టి, రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో పెట్టించు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ అంత బలం ఉంటుంది. దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కోర్టుకెళ్లడం పాపమని వాళ్లకు ప్రసంగం మాత్రం చేయకు. ఆ ఇళ్లలో ఎవరినైనా కొడుతున్నారని తెలిస్తే రాజీ మాటే ఎత్తకు, దెబ్బలు తిన్నవాళ్లకు తోడుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లు.

మిర్చి ఏరడం అయిపోయి, ఏనుమాముల మార్కెట్‌లో సరుకు అమ్ముడయ్యాక మాట్లాడితే మంచిది. అప్పటికి డబ్బు టెన్షన్ కాస్త తగ్గుతుంది. అన్న పెద్దవాడు కాబట్టి ముందు ఆయన ఇంటికి వెళ్లు, అదే రోజు పొద్దుగూకకముందే తమ్ముడి ఇంటికీ వెళ్లు.