ఇంట్లో ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) మోడల్ లేఅవుట్, అంటే బల్ల మీద నడిచే చిన్న నమూనా రైలు మార్గం: చిన్నగా మొదలుపెట్టి తర్వాత పెంచుకోవడం ఎలా?

ముందు నాంపల్లి ఒక్కటే కట్టండి. అది పట్టాలు ఆగిపోయే చివరి స్టేషన్, గోడవారగా సన్నటి బల్ల చాలు. లోకల్ రైలుకి రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది కాబట్టి ఇంజిన్ మార్చే లైన్లూ అక్కర్లేదు. ఒక క్రాసోవర్ (రైలు ఒక లైన్ నుంచి పక్క లైన్‌కి మారే పట్టా), రెండు ప్లాట్‌ఫారాలతో మొదటి రోజే రైలు నడుస్తుంది.

అసలు లెక్కంతా ప్లాట్‌ఫారం పొడవుదే. సుమారు 21 మీటర్ల పెట్టె హెచ్‌ఓ స్కేల్‌లో (1:87, అంటే అసలు సైజులో 87వ వంతు) 24 సెంటీమీటర్లు. అలాంటివి 9 పెడితే ఏడడుగులు దాటుతుంది! ఎన్ స్కేల్‌లో (1:160) అదే రైలు నాలుగడుగుల లోపే. గది చిన్నదైతే నేను ఎన్ స్కేలే తీసుకోమంటాను. హెచ్‌ఓనే కావాలంటే 4 పెట్టెలతో సరిపెట్టుకోండి, చూడ్డానికి బాగానే ఉంటుంది.

తర్వాత లక్డీకాపూల్, ఖైరతాబాద్, నెక్లెస్ రోడ్ ఒక్కో బల్లగా కలుపుకుంటూ బేగంపేట చేరండి. ఆ దగ్గర్లో సికింద్రాబాద్ లైన్ కలుస్తుంది కాబట్టి విస్తరణకి రెండు దారులు దొరుకుతాయి.

బల్లలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. అంచు దగ్గర పట్టా తిన్నగా, అంచుకి లంబంగా రావాలి. నా మొదటి బల్ల అంచున వంపు పెట్టాను, కలిపిన చోటల్లా చక్రాలు పట్టాలు తప్పేవి. ఇప్పుడు అంచున రెండు ఇత్తడి స్క్రూలు బిగించి, పట్టాని వాటి తలలకి సోల్డర్ చేస్తున్నాను. బల్ల ఎన్నిసార్లు విప్పినా పట్టా కదలడం లేదు.