చీరల మెయిల్ స్పామ్‌లో ఎందుకు పడుతోంది?

ప్రశ్న: మేం మంగళగిరి చేనేత చీరలు అమ్ముతాం. మగ్గం మీద నుంచి కొత్త రకం దిగినప్పుడల్లా ఒక మెయిలింగ్ సర్వీసు ద్వారా 6,200 మందికి ఫొటోలు పంపుతాం. పంపేది మా జీమెయిల్ అడ్రస్ పేరుతోనే. ఈ దసరాకి చాలామందికి స్పామ్‌లో పడిందట. అమెరికాలో ఉన్న పాత కస్టమర్లు కొందరికి అసలు అందనే లేదు. ‘డొమైన్ అథెంటికేట్ చేసుకోండి’ అని సర్వీసు వాళ్లు హెచ్చరిక పెట్టారు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉందండీ.
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: చిక్కంతా ఆ అడ్రస్ దగ్గరే ఉందమ్మా. అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరే డొమైన్. జీమెయిల్ అనే పేరు గూగుల్‌ది. ఆ పేరుతో వచ్చిన మెయిల్ వేరే కంపెనీ సర్వర్ నుంచి బయల్దేరితే, అది మీరు పంపిందో దొంగ పంపిందో అవతలివాళ్లకి ఎలా తెలుస్తుంది? 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. 2025 మే 5 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాలకు ఇలాంటి నిబంధనలే పెట్టింది.

గూగుల్ లెక్కలో, ఒక్క రోజులో జీమెయిల్ ఖాతాలకు దాదాపు 5,000 లేదా అంతకన్నా ఎక్కువ మెయిల్స్ పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు గుర్తింపు ఏర్పాట్లూ ఉండి తీరాలి. మీ జాబితాలో జీమెయిల్ వాళ్లు అంతమంది లేకపోవచ్చు. అయినా పెట్టుకోండి. ఒక్కసారి ఆ గీత దాటితే తర్వాత తగ్గించినా పెద్ద ఎత్తున పంపేవాళ్ల కిందే లెక్క.

ముందు దుకాణం పేరుతో సొంత డొమైన్ కొనండి. మీ పేరుతో ఏయే సర్వర్లు పంపవచ్చో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. ప్రతి మెయిల్ మీదా పడే ముద్ర డీకిమ్. కస్టమర్‌కి కనిపించే పేరూ ఆ రెంటిలో ఒకదాని పేరూ కలుస్తున్నాయా, కలవకపోతే ఏం చేయాలి అని చెప్పేది డీమార్క్.

చాలామంది తడబడేది ఇక్కడే. సర్వీసు ద్వారా పంపినప్పుడు ఎస్‌పీఎఫ్ చాలాసార్లు ఆ సర్వీసు పేరు మీదే పాసవుతుంది, మీ పేరు మీద కాదు. కాబట్టి మీ డొమైన్ పేరుతో డీకిమ్ ముద్ర పడాల్సిందే. మీ సర్వీసు ఖాతాలో డొమైన్ సెట్టింగ్స్ తెరిస్తే రెండు మూడు లైన్లు ఇస్తారు. వాటిని డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ పేజీలో (డొమైన్ వివరాలు నింపే పేజీ) అక్షరం పొల్లుపోకుండా పేస్ట్ చేయండి. డీమార్క్ లైనులో పాలసీ మొదట ‘నన్’ (కలవకపోయినా ఏమీ చేయొద్దు) అని పెట్టి, రిపోర్టులు వచ్చేందుకు ఒక అడ్రస్ ఇవ్వండి. కొన్ని వారాలు చూసి, మీవన్నీ పాసవుతుంటే ‘క్వారంటైన్’కి మార్చండి. మీ పేరుతో ఎవరైనా దొంగ ఆఫర్లు పంపితే అవి స్పామ్‌లోకి పోతాయి.

ఒక జాగ్రత్త. నేను ఒక విత్తనాల కంపెనీకి మెయిల్ పనులు చూసేటప్పుడు, పాత ఎస్‌పీఎఫ్ లైను ఉండగానే ఎవరో కింద ఇంకోటి చేర్చారు. బిల్లులు కూడా డీలర్లకు సరిగా చేరలేదు. తప్పు దొరికేసరికి మూడు రోజులు పట్టింది. ఒక పేరుకి ఎస్‌పీఎఫ్ లైను ఒక్కటే ఉండాలి. కొత్త సర్వర్ వస్తే ఆ లైనులోనే కలపాలి.

అంతా అయ్యాక మీ జీమెయిల్‌కే ఒకటి పంపుకుని, కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కల మీద నొక్కి ‘షో ఒరిజినల్’ చూడండి. పైన మూడు వరుసల్లోనూ ‘పాస్’ అని ఉండాలి. డీకిమ్ పక్కన మీ డొమైన్ పేరే ఉండాలి. అక్కడ సర్వీసు వాళ్ల పేరొక్కటే ఉంటే పని ఇంకా పూర్తి కానట్టే.

‘ఇక వద్దు’ అనేవాళ్లకి ఒక్క నొక్కుతో తప్పుకునే వీలుండాలి, రెండు రోజుల్లోపు వాళ్ల పేరు తీసేయాలి. మీ సర్వీసులో ఆ ఏర్పాటు ఉందో లేదో అడగండి. ఇన్‌బాక్స్‌కు చేరిన ప్రతి వెయ్యిలో స్పామ్ అని నొక్కేవాళ్లు ఒకరి లోపే ఉండాలి, ముగ్గురి దాకా వెళ్లకూడదు. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఈ లెక్క ఉచితంగా కనిపిస్తుంది.

ఎగ్జిబిషన్ స్టాల్లో పుస్తకంలో రాయించుకున్న అడ్రస్‌లు మీ జాబితాలో ఉంటే, ఫొటోలు కావాలని అడగనివాళ్ల పేర్లు తీసేయండి. కొత్త డొమైన్ నుంచి మొదటి రోజే అందరికీ పంపకండి. ఈమధ్య మీ దగ్గర కొన్న రెండు మూడు వందల మందితో మొదలుపెట్టి, రోజురోజుకీ పెంచుకుంటూ పోండి. ఇప్పుడు మొదలుపెడితే సంక్రాంతి చీరల ఫొటోలకు అంతా సిద్ధంగా ఉంటుంది.