ఇంగ్లీషు 'ది' ఒడియాలో ఉంది, వాడుకోండి

ఒడిశాలోని బరంపురంలో ఉండి బ్యాంకు పరీక్షకు చదువుతున్నానని, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కావడంతో ఇంగ్లీషులో ఎ, యాన్, ది ఎక్కడ పెట్టాలో అంతుబట్టడం లేదని రాశారు. మన భాషల్లో లేనిదాన్ని ఎలా పట్టుకోవాలని అడిగారు. తెలుగు వరకూ మీరన్నది నిజమే. ఒడియాలో మాత్రం అది ఉంది. రోజూ వాడుతూనే ఉన్నారు, గమనించలేదంతే.

నేను పర్లాకిమిడిలో సాయంత్రంపూట ట్యూషన్ చెబుతాను. మాదీ మీలాంటి ఇల్లే. తెలియనిదానికి ఎ, తెలిసినదానికి ది అని గ్రామరు పుస్తకంలో సూత్రం చదివితే పిల్లలు తలూపుతారు. రాయమంటే మాత్రం పులిహోరలో పోపు కలిపినట్టు వాక్యమంతా చల్లేస్తారు. ఇలా కాదని ఓ రోజు బోర్డు మీద ఒడియాలో రెండు ముక్కలు రాశాను: 'ముఁ గోటిఏ కలమ కిణిలి. కలమటి భల లేఖు నాహిఁ.' ఒక పెన్ను కొన్నాను, అది సరిగ్గా రాయడం లేదు. రెండోసారి 'కలమ' అని ఊరుకోకుండా 'కలమటి' అని ఎందుకంటాం రా అని వెనక బెంచీ కుర్రాణ్ణి అడిగాను. "ఇందాక కొన్న పెన్నే కదండీ సార్" అన్నాడు. ఇంగ్లీషువాడు 'ఐ బాట్ ఎ పెన్' అన్న తర్వాత 'ది పెన్' అనడానికీ కారణం అదే.

కాబట్టి నోటికి 'గోటిఏ' వచ్చేచోట ఎ గానీ యాన్ గానీ, వెనక 'టి'యో 'టా'యో తగిలేచోట ది. చాలా ఉంటే 'గుడిక' వస్తుంది చూశారా, 'బహిగుడిక' అంటే 'ది బుక్స్'. ఒడియా మీడియం వల్లే ఇంగ్లీషు రాలేదని మన ఇళ్లలో ఓ దెప్పుడు ఉంటుంది. ఇక్కడ మాత్రం హైదరాబాదు పిల్లాడికి లేని ఆసరా మీకుంది.

అలాగని 'టి' వినబడ్డ ప్రతిచోటా ది పెట్టేస్తే మునుగుతారు. 'మో బహిటి' (నా పుస్తకం), 'ఏఇ బహిటి' (ఈ పుస్తకం) అని మనం హాయిగా అంటాం. ఇంగ్లీషులో మై, దిస్ లాంటివి వచ్చాయంటే పక్కన ది కి చోటు లేదు. 'తినిటి బహి'లోని 'టి' అయితే అంకెకు అంటుకున్నది, లెక్క కోసం వచ్చింది. ఉత్త 'త్రీ బుక్స్' చాలు. మా దగ్గర ఎక్కువ మార్కులు పోయేది ఈ అంకెల దగ్గరే.

ఒడియా అసలు ఆదుకోని చోట్లూ ఉన్నాయి. సూర్యుడికి మనం 'టి' తగిలించం, వాళ్లు 'ది సన్' అంటారు. నదులకు ది ఉంటుంది: ది రుషికుల్య, ది మహానది. కొండల వరస మొత్తానికీ ఉంటుంది: ది ఈస్టర్న్ ఘాట్స్. విడిగా మహేంద్రగిరికి ఉండదు, చిలికా లేక్‌కీ ఉండదు. వీటిలో తర్కం వెతక్కండి, బట్టీ పట్టేయండి.

ఇక ఎ, యాన్ గొడవ. అచ్చు అక్షరం ముందు యాన్ అని చెప్పే కోచింగు నోట్సు పక్కన పడేయండి. చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని. 'యూనివర్సిటీ' యకారంతో మొదలవుతుంది గనక ఎ యూనివర్సిటీ. 'అవర్'లో హెచ్ పలకదు గనక యాన్ అవర్. ఇంతవరకూ అందరూ చెబుతారు. మన తెలుగు నోటితో వచ్చే చిక్కు ఎవరూ చెప్పరు. మనం ఎగ్‌ని 'యెగ్' అంటాం, ఎమ్మెల్యేని 'యమ్మెల్యే' అంటాం, ఎల్.ఐ.సి.ని బోర్డుల మీద కూడా 'యల్.ఐ.సి.' అని రాస్తాం. ఓ.ఏ.ఎస్. (ఒడిశా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్) ఆఫీసరు మన పెద్దవాళ్ల నోట 'వోయేయస్' అయిపోతాడు. మన చెవిని నమ్ముకుంటే అన్నిటికీ ఎ పెట్టాలనిపిస్తుంది. అసలు ఉచ్చారణలో ముందున్న య, వ లేవు గనక అన్నిటికీ యానే: యాన్ ఎగ్, యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎల్.ఐ.సి. ఏజెంట్, యాన్ ఓ.ఏ.ఎస్. ఆఫీసర్. ఇంట్లో చదువుకునేటప్పుడు అనుమానం వస్తే ఫోన్లో డిక్షనరీ తెరిచి, ఆ మాట పక్కనున్న స్పీకరు బొమ్మ నొక్కి విని, అప్పుడు రాయండి.