పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ‘డాక్టర్ హూ’ పాత కథలు డిస్కుల్లో ఎలా ఉన్నాయి?

బీబీసీలో 1963 నవంబరు 23న మొదలై 1989 డిసెంబరు దాకా నడిచిన సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ ‘డాక్టర్ హూ’ పాత కథలను 2018 నుంచి ‘ది కలెక్షన్’ పేరుతో సీజన్ల వారీగా బ్లూరే పెట్టెల్లో విడుదల చేస్తున్నారు. ఆ పెట్టెల గురించీ, వాటికి ముందు వచ్చిన డీవీడీల గురించీ పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: బ్లూరే అంటే బొమ్మ మరింత స్పష్టంగా ఉంటుందని కొన్నాను. స్టూడియో దృశ్యాలు డీవీడీలో చూసినంత మెత్తగానే కనిపిస్తున్నాయి. అదే కాలానికి చెందిన ‘స్టార్ ట్రెక్’ బ్లూరేలో అద్దంలా ఉంటే దీనికి ఏమైంది? పాత సరుకుకు కొత్త అట్ట వేసి అమ్ముతున్నారని నా అనుమానం.

జవాబు: మీ అనుమానం సహజమే కానీ, తేడా ఈ పెట్టెలు తయారుచేసినవారి దగ్గర పుట్టలేదు, అరవయ్యేళ్ల కిందటి చిత్రీకరణ పద్ధతిలోనే ఉంది. 1966లో అమెరికాలో మొదలైన ‘స్టార్ ట్రెక్’ను 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీశారు కనుక, ఆ ఫిల్మును ఇప్పటి యంత్రాలతో మళ్లీ స్కాన్ చేస్తే అప్పటి టీవీలు చూపలేకపోయిన వివరం కూడా బయటపడుతుంది. ‘డాక్టర్ హూ’ స్టూడియో దృశ్యాలు మాత్రం ఎలక్ట్రానిక్ కెమెరాల ద్వారా నేరుగా వీడియో టేపు మీదికి వెళ్లాయి. టీవీ బొమ్మ అడ్డగీతల వరుసలతో ఏర్పడుతుంది; తొలి సంవత్సరాల్లో ఆ బొమ్మకు 405 గీతలు, తరువాత 625 గీతలు. ఆ 625లో తెర మీద కనిపించేవి 576 మాత్రమే. బ్లూరే 1080 గీతలు చూపగలిగినా, టేపులో లేని వివరాన్ని ఏ డిస్కూ తెచ్చి ఇవ్వలేదు.

అలాగని బ్లూరే వల్ల లాభమే లేదనలేము. డీవీడీలో చోటు చాలక బొమ్మను బాగా కుదించినప్పుడు చీకటి దృశ్యాల్లో, పొగ నిండిన దృశ్యాల్లో గళ్లు గళ్లుగా మచ్చలు ఏర్పడేవి. బ్లూరేలో చోటు ఎక్కువ కనుక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. స్టూడియో బయట తీసిన దృశ్యాలకు సాధారణంగా 16 మిల్లీమీటర్ల ఫిల్ము వాడారు. ఆ అసలు ఫిల్ము మిగిలిన చోట దానిని కొత్తగా స్కాన్ చేసి చేర్చడం వల్ల గడ్డి, రాళ్లు, కోటు మీది నేత కూడా కనిపిస్తున్నాయి. అందువల్లనే ఒక పాత్ర తలుపు తెరుచుకుని బయటికి రాగానే బొమ్మ నాణ్యత ఒక్కసారిగా మారినట్టు అనిపిస్తుంది. మొత్తం సిరీస్ ఫిల్ముపై తీసి ఉంటే ఎలా ఉండేదో చూడాలంటే, 1970 జనవరిలో ప్రసారమైన ‘స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్’ చూడండి. స్టూడియో సిబ్బంది ఆందోళన కారణంగా ఆ నాలుగు ఎపిసోడ్లనూ పూర్తిగా 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీయవలసి వచ్చింది. ఆనాడు ఇబ్బందిగా మారిన ఆ మార్పు వల్లనే 2013లో ఆ కథ నిజమైన హెచ్‌డీలో బ్లూరేగా రాగలిగింది.

మెత్తగా ఉన్న బొమ్మను యంత్రంతో మరింత పదును చేయమని కోరే అభిమానులు కూడా ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. లేని వివరాన్ని యంత్రం ఊహించి గీసినప్పుడు నటుల ముఖాలు మైనపు బొమ్మల్లా నునుపెక్కిపోతాయి, కంటి చుట్టూ ఉండవలసిన సన్నని ముడతలు మాయమవుతాయి. మెత్తగా ఉన్నా సరే, ఆ నటుడి ముఖమే నాకు కావాలి.

ప్రశ్న: 1960ల నాటి ఎపిసోడ్లలో కదలికలు మరీ నున్నగా, నిన్ననే వీడియోలో తీసినట్టు ఉన్నాయి. పాత వీహెచ్ఎస్ క్యాసెట్లలో సినిమాలా గంభీరంగా ఉండేవి. దీనిని ఎందుకు పాడు చేశారు?

జవాబు: మీరు పాడు చేశారంటున్నది నిజానికి మొదటి ప్రసారానికి దగ్గరగా ఉన్న రూపం. అప్పటి వీడియోలో సెకనుకు 50 సార్లు సగం సగం బొమ్మ తెర మీద పడేది కనుక కదలిక నున్నగా కనిపించేది. విదేశాలకు అమ్మడానికి ఒక తెర ముందు ఫిల్ము కెమెరా పెట్టి ఆ ప్రసారాన్ని తిరిగి చిత్రీకరించారు. ఆ ఫిల్ములో సెకనుకు 25 బొమ్మలే మిగిలాయి. 1960ల నాటి అసలు టేపులు చెరిగిపోగా మనకు దక్కినవి ముఖ్యంగా ఈ ఫిల్ము ప్రతులే కనుక, క్యాసెట్లలో మీరు చూసిన గంభీరత ప్రతి తీయడంలో వచ్చినదే తప్ప దర్శకుడు ఉద్దేశించినది కాదు. విడ్‌ఫైర్ అనే ప్రక్రియ రెండు బొమ్మల మధ్య కదలికను లెక్కగట్టి పోయిన మధ్య క్షణాలను మళ్లీ నిర్మిస్తుంది. అవి లెక్కగట్టిన క్షణాలే కనుక వేగంగా చేయి ఊపే చోట అంచులు చెదరడం అప్పుడప్పుడు కనిపిస్తుంది. రెండు ఎపిసోడ్లు ఓపికగా చూస్తే కన్ను అలవాటు పడుతుంది. ఆ తరువాత అది రికార్డు చేసిన సినిమాలా కాక, ఎదురుగా రంగస్థలం మీద జరుగుతున్న నాటకంలా అనిపిస్తుంది. ఆ నటులు పనిచేసిన తీరు కూడా దాదాపు అలాంటిదే.

ప్రశ్న: పోయిన ఎపిసోడ్ల స్థానంలో యానిమేషన్ పెట్టడం నాకు నచ్చలేదు. అసలు బొమ్మ లేనప్పుడు లేదని ఒప్పుకుని ఊరుకోవచ్చు కదా? మరి కొందరు మిత్రులు యానిమేషన్ లేకపోతే ఆ కథలు చూడనే చూడమంటున్నారు.

జవాబు: ఈ వివాదం గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి కనుక కొంచెం వివరంగా రాస్తాను.

వీడియో టేపు ఖరీదైన వస్తువు, పునఃప్రసారాలకు నటుల సంఘాలతో ఉన్న ఒప్పందాలు పరిమితమైనవి, రంగుల టీవీ వచ్చాక నలుపు తెలుపు కార్యక్రమాలకు గిరాకీ ఉండదన్న అభిప్రాయం బలంగా ఉండేది. అందువల్ల టేపులను చెరిపి మళ్లీ వాడుకున్నారు, అమ్మకానికి ఉంచిన ఫిల్ము ప్రతులను కూడా పారేశారు. 1978 ప్రాంతంలో ఈ నష్టం ఆగే నాటికి వందకు పైగా ఎపిసోడ్లు పోయాయి. తరువాత కొన్ని విదేశాల్లోని టీవీ సంస్థల దగ్గర, కొన్ని ఫిల్ములు సేకరించేవారి దగ్గర దొరికాయి. 2013లో నైజీరియాలోని జోస్ నగరం నుంచి ఒకేసారి తొమ్మిది ఎపిసోడ్లు తిరిగి వచ్చాయన్న ప్రకటన అభిమానులకు పండుగే అయింది. ఇన్ని దొరికినా పోయినవాటిలో ఎక్కువ భాగం ఇంకా దొరకలేదు.

అయితే ధ్వని విషయంలో నష్టం అసలు లేదు. ఆ రోజుల్లో టీవీ స్పీకరు ముందు మైకు పెట్టి, కొందరైతే టీవీలోనికే తీగ కలిపి ఇంట్లో టేపు రికార్డర్ మీద పట్టుకున్న అభిమానుల వల్ల పోయిన ప్రతి ఎపిసోడ్‌కూ పూర్తి ధ్వని మిగిలింది. జాన్ క్యూరా అనే ఛాయాగ్రాహకుడు ప్రసారమవుతున్న తెరను ఫొటోలు తీసి కార్యక్రమాల బృందాలకు అమ్మేవారు. ఆ ఫొటోల వల్ల చాలా కథల్లో ఎవరు ఎక్కడ నిలుచున్నారో, సెట్టు ఎలా ఉందో కూడా తెలుస్తోంది. ఇంత ఆధారం చేతిలో ఉన్నప్పుడు లేదని ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. నటుల గొంతులున్నాయి, వారి నటనలో సగం మన దగ్గరే ఉంది.

నా అభ్యంతరమల్లా ఆ ఆధారాన్ని వదిలేసిన యానిమేషన్ మీదనే. 2006లో ‘ది ఇన్వేజన్’ కథలో పోయిన ఒకటవ, నాలుగవ ఎపిసోడ్లకు చేసిన యానిమేషన్ నలుపు తెలుపులో, పాత టీవీ కొలతలోనే ఉంది కనుక మిగిలిన ఆరు అసలు ఎపిసోడ్లతో చక్కగా కలిసిపోయింది. 2016లో, మొదటి ప్రసారానికి సరిగ్గా 50 ఏళ్లకు వచ్చిన ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’లో బొమ్మల నడక మరబొమ్మల నడకలా బిగుసుకుని ఉన్నా, వేర్వేరు కాలాల్లో వేర్వేరు నటులు వేసిన కథానాయకుడి పాత్ర అయిన డాక్టర్‌గా ప్యాట్రిక్ ట్రౌటన్ వచ్చిన తొలి కథను ఆరు ఎపిసోడ్లూ వరుసగా చూడగలగడం సామాన్యమైన విషయం కాదు. తరువాతి వాటిలో ‘ది మాక్రా టెర్రర్’ లాంటివి వెడల్పు తెరకు మారాయి. దర్శకుడు ఇరుకైన చతురస్రంలో ముఖాలను దగ్గరగా పేర్చి తీసిన దృశ్యాన్ని వెడల్పు చేస్తే, రెండు పక్కలా ఖాళీ మిగిలి బిగువు సడలుతుంది. రంగులు వద్దనుకున్నవారు నలుపు తెలుపు రూపాన్ని ఎంచుకోవచ్చు. కొలత విషయంలో ఆ ఎంపిక లేకపోవడమే నాకు బాధ. మీవంటివారి కోసం అదే డిస్కులో ఫొటోలకు ధ్వని జోడించిన రూపాన్ని కూడా ఇస్తే మీకూ మీ మిత్రులకూ తగువే ఉండదు. కొన్ని విడుదలల్లో అలా ఇచ్చారు. అన్నిటిలోనూ ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను.

ప్రశ్న: పాత స్పెషల్ ఎఫెక్టులను తీసేసి కంప్యూటర్ ఎఫెక్టులు పెట్టడం, నలుపు తెలుపు కథలకు రంగులు వేయడం తప్పు కాదా?

జవాబు: అసలు రూపాన్ని పక్కనే ఉంచితే తప్పు కాదు. 1972 నాటి ‘డే ఆఫ్ ది డాలెక్స్’ ముగింపు యుద్ధానికి బృందం దగ్గర మూడే డాలెక్ (డాక్టర్‌కు శత్రువులైన, లోహ కవచంలో ఉండే జీవులు) యంత్రాలు ఉండడంతో సైన్యం దాడి చేస్తోందన్న భావనే కలగలేదు. 2011 డీవీడీలో కొత్త దృశ్యాలు తీసి, డాలెక్‌ల గొంతులు మార్చి రెండో రూపం తయారుచేశారు. మొదటి రూపాన్ని కూడా చెక్కుచెదరకుండా ఇచ్చారు. చేర్చిన ప్రతి దృశ్యమూ ఆ కథ చెప్పదలచుకున్నదానికే ఉపయోగపడింది కనుక, ఇటువంటి పనికి అది మంచి నమూనా అని నా అభిప్రాయం.

2023లో వచ్చిన ‘ది డాలెక్స్’ రంగుల రూపం సంగతి వేరు. ఏడు ఎపిసోడ్ల కథను దాదాపు 75 నిమిషాలకు కుదించి, కొత్త సంగీతం జోడించారు. రంగులు అందంగానే ఉన్నాయి. కొత్తగా వచ్చిన ప్రేక్షకుడికి అది దారి చూపితే సంతోషమే. కానీ ఆ కథలోని భయం మెల్లగా పేరుకుంటుంది. పాత్రలు ఇనుప నడవాల్లో మాటలు లేకుండా నడిచే నిమిషాలు తీసేస్తే ఆ భయం కూడా వాటితోపాటే పోతుంది. దీన్ని ఆ కథకు పరిచయంగా చూడండి, ఆ తరువాత అసలు ఏడు ఎపిసోడ్లూ చూడండి.

ప్రశ్న: జాన్ పర్ట్‌వీ డాక్టర్‌గా ఉన్న కాలపు కొన్ని ఎపిసోడ్లు నలుపు తెలుపు ఫిల్ములుగానే మిగిలాయని చదివాను. డిస్కులో రంగుల్లో ఉన్నాయి. ఇవి కూడా వేసిన రంగులేనా?

జవాబు: ఎక్కువగా కావు, అవి తిరిగి దొరికిన రంగులు. 1970 నుంచి 1974 దాకా సాగిన ఆ కథలన్నీ రంగుల్లోనే ప్రసారమయ్యాయి. ‘ది డీమన్స్’ కథకు 1970లలో అమెరికాలో ఒక అభిమాని ఇంట్లో రికార్డు చేసుకున్న మసక టేపు నుంచి రంగును తీసుకుని, స్పష్టంగా ఉన్న నలుపు తెలుపు ఫిల్ముకు కలిపారు. అంతకన్నా ఆశ్చర్యం కలిగించే పద్ధతి మరొకటి ఉంది. రంగుల ప్రసారాన్ని నలుపు తెలుపు ఫిల్ముపై పట్టినప్పుడు రంగు సంకేతం సన్నని చుక్కల రూపంలో ఫిల్ము మీద పడింది. దశాబ్దాల పాటు అది ఒక లోపమని అందరూ అనుకున్నారు. రిచర్డ్ రస్సెల్ రాసిన సాఫ్ట్‌వేర్ ఆ చుక్కలను చదివి, వాటిలో దాగిన అసలు రంగును బయటికి తీసింది.

‘ది మైండ్ ఆఫ్ ఈవిల్’ కథలో రెండు నుంచి ఆరు దాకా ఎపిసోడ్లకు రంగు ఇలాగే వచ్చింది. ఒకటవ ఎపిసోడ్ ఫిల్ములో ఆ చుక్కలు లేకపోవడంతో వేల ఫ్రేములకు కళాకారుడు స్వయంగా రంగులు దిద్దవలసి వచ్చింది. మీ ప్రశ్నకు ‘వేసిన రంగే’ అని జవాబు చెప్పవలసిన ఎపిసోడ్ అదే. ‘ఇన్వేజన్ ఆఫ్ ది డైనోసార్స్’ మొదటి ఎపిసోడ్‌లో నీలం సమాచారం సరిగా దక్కలేదు కనుక, 2012 డీవీడీలో నలుపు తెలుపు రూపాన్నే ముందు పెట్టి, అసంపూర్ణమైన రంగు రూపాన్ని కోరుకున్నవారు ఎంచుకునేలా ఇచ్చారు. సాధించలేనిదానిని సాధించినట్టు చూపకపోవడం నాకు ఎంతో నచ్చింది.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతుండగా డిస్కులు కొనడం అవసరమా?

జవాబు: 2023 నవంబరులో బీబీసీ తన ఇంటర్నెట్ వేదిక ఐప్లేయర్‌లో 800కు పైగా ఎపిసోడ్లను చేర్చినప్పుడు, సిరీస్‌లోని మొట్టమొదటి కథే హక్కుల చిక్కు వల్ల అందులో లేదు. 2006 నాటి డీవీడీ కొన్నవారికి ఆ కథ అప్పటికే ఇంట్లో ఉంది.

ప్రశ్న: సీజన్లను వరుసగా విడుదల చేయకపోవడం విసుగు పుట్టిస్తోంది. కొత్తగా చూసేవారు ఏ పెట్టెతో మొదలుపెట్టాలి?

జవాబు: వరుసలో రాకపోవడానికి కారణం కొంతవరకు సులువుగా ఊహించవచ్చు. తొలి సీజన్లకు యానిమేషన్ అవసరం, కొన్నింటికి రంగు పునరుద్ధరణ అవసరం; అవి సిద్ధమయ్యేదాకా మిగిలినవి ఆపడం కుదరదు. మొదటగా వచ్చిన 12వ సీజన్ పెట్టెతోనే మొదలుపెట్టండి. టామ్ బేకర్ డాక్టర్‌గా వచ్చిన తొలి సీజన్ అది. ఐదు కథలు, 20 ఎపిసోడ్లు ఉన్నాయి. ‘జెనిసిస్ ఆఫ్ ది డాలెక్స్’ అందులోనిదే. మొదటిసారి చూసేటప్పుడు కొత్త ఎఫెక్టుల ఎంపికను తీసివేసి, రోజుకు ఒక్క ఎపిసోడ్ చొప్పున చూడండి. ప్రతి ఎపిసోడ్ చివర కథను ప్రమాదపు అంచున ఆపింది మరుసటి వారం దాకా ఎదురుచూసే ప్రేక్షకుడి కోసమే కనుక, కనీసం ఒక రాత్రి అయినా ఆగిన వారికే ఆ ఉత్కంఠ రుచి తెలుస్తుంది.