పంపండి, కానీ డైరీ సంగతి చెప్పి పంపండి

మీ చెల్లెలు తమిళనాడు పోలీసులో కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయింది, అక్కడ ఆడవాళ్లని, అందులోనూ తెలుగువాళ్లని చిన్నచూపు చూస్తారట, పంపాలా వద్దా అని అడిగారు. ఉత్తర చెన్నైలో పన్నెండేళ్లుగా ఇదే ఉద్యోగం చేస్తున్నాను. చిన్నచూపు ఉంది. అయినా పంపండి.

చేరిన కొత్తలో స్టేషన్‌లో నన్ను పేరుతో పిలిచినవాళ్లు తక్కువ, తెలుగువాళ్లని వెక్కిరించే మాట "గొల్టి" అనేవాళ్లు. అంతకన్నా నన్ను కోసేసింది ఇంకొకటి. వ్యాసర్‌పాడిలో ఒక తెలుగు ఇంటి అమ్మాయి కనిపించకుండా పోయింది, మగ పోలీసులు ఎంత అడిగినా తల్లి నోరు విప్పలేదు. నేను వంటింట్లో ఆమె పక్కన నేలమీద కూర్చుని, మన తెలుగులో రెండు గంటలు మాట్లాడాక, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫోన్ నంబరు రాసిన చీటీ తీసిచ్చింది. మర్నాడే పిల్ల దొరికింది. రివార్డు కోసం పైకి పంపిన లిస్టులో ముగ్గురు మగవాళ్ల పేర్లున్నాయి, నా పేరు లేదు. "నువ్వు మాట్లాడావు, అంతేగా" అన్నారు.

అప్పటినుంచి ఏ పని మీద వెళ్లినా, స్టేషన్‌లో ఎవరు ఏ పని మీద వెళ్లారో రోజూ రాసే జనరల్ డైరీలో నా పేరు, టైము పడేదాకా గడప దాటను, నా సొంత నోటుబుక్కులోనూ రాసుకుంటాను. తర్వాత నన్ను రిసెప్షన్‌కే పరిమితం చేసినప్పుడు పైఅధికారి ముందు ఆ పుస్తకమే పెట్టాను, మళ్లీ కేసుల పనిలో వేశారు.

కొన్ని మారాయి. రోడ్డు పక్క బందోబస్తులో టాయిలెట్ ఉండదని పొద్దుటినుంచి నీళ్లు తాగకుండా నిలబడేవాళ్లం. ముఖ్యమంత్రి వెళ్లే దారుల్లో ఆడవాళ్లని అలా నిలబెట్టొద్దని 2021లో ఆదేశం వచ్చింది. అదే ఏడాది ఒక మహిళా ఎస్పీ ఏకంగా స్పెషల్ డీజీపీ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇవ్వడానికి చెన్నై వస్తుంటే దారిలో ఆమె కారే ఆపించారు, అయినా ఆవిడ వెనక్కి తగ్గలేదు, 2023లో విళుపురం కోర్టు ఆయనకి మూడేళ్ల శిక్ష వేసింది. వేధింపులైతే, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం పోలీస్ స్టేషన్‌కీ వర్తిస్తుంది, జరిగిన 3 నెలల్లోపు ఆ చట్టం కింద ఫిర్యాదులు వినే కమిటీకి రాసివ్వాలి, అందుకే తారీఖులు ముఖ్యం.

ఇంకొకటి, చెల్లెలి చేత తమిళం చేత్తో గబగబా రాయడం ఇప్పటినుంచే ప్రాక్టీస్ చేయించండి. డైరీ తమిళంలోనే రాయాలి, రాత తడబడితే "ఇలా ఇవ్వు, నేను రాస్తాలే" అని పక్కవాడు పెన్ను లాక్కుంటాడు, మన పేరు పోయేది అక్కడే.