ఆ పొక్కులు సాలీడు వల్ల వచ్చినవి కావు, చేలో మందు కొట్టకండి

ప్రశ్న: మా వరి నాటి 40 రోజులైంది. ఏ దుబ్బు విప్పి చూసినా సాలెపురుగులే కనిపిస్తున్నాయి. ఆకుల మధ్య గూళ్ళు కూడా కట్టాయి. మొన్న కలుపు తీసి వచ్చిన మా ఆవిడకు మరుసటి రోజు సాయంత్రం మెడ మీద వాత పెట్టినట్టు ఎర్రటి చార తేలింది. ఇప్పుడు దాని మీద చిన్న చిన్న చీము పొక్కులు వచ్చాయి, ఒకటే మంట. సాలెపురుగు పాకిందని, దాని ఉచ్చ పడిందని అందరూ అంటున్నారు. కలుపుకు వచ్చేవాళ్ళు చేలో దిగడానికి భయపడుతున్నారు. సాలెపురుగులు చావడానికి ఏ మందు కొట్టాలి? గట్టు మీది గడ్డిలోనూ అవే ఉన్నాయి, ఆ గడ్డి తింటే గేదెకు ఏమైనా అవుతుందా?

జవాబు: సాలీళ్ళను చంపడానికి నేను ఏ మందూ చెప్పను. దయచేసి మీరూ కొట్టకండి. ఎందుకో చేను సంగతి దగ్గర చెబుతాను. ముందు మీ శ్రీమతి గారి మెడ సంగతి చూద్దాం.

సాలీడు ఒంటి మీద పాకినంత మాత్రాన పొక్కులు రావు. దాని ఉచ్చ మనిషి చర్మాన్ని కాల్చదు, కాళ్ళలో విషమూ ఉండదు. విషం ఉండేది నోటి దగ్గరి కోరలకే. ఆ కోర చర్మంలో దిగితేనే విషం ఒంట్లోకి వెళ్తుంది. మీరు రాసిన లక్షణాలు చదవగానే నాకు వేరే పురుగు గుర్తొచ్చింది. వాత పెట్టినట్టు పొడవాటి చార, వెంటనే కాకుండా ఒక రోజు గడిచాక మంట, ఆ తర్వాత చీము పొక్కులు. ఇవన్నీ పెడెరస్ అనే చిన్న పురుగు గుర్తులు. ఇది రోవ్ బీటిల్ జాతి పెంకు పురుగు. పొడవు సెంటీమీటరు లోపే. సన్నటి ఒళ్ళు, నారింజ రంగు. తల, తోక కొస నల్లగా ఉంటాయి, నడుం మీద నీలంగా మెరిసే పొట్టి రెక్కలుంటాయి. చాలామంది దీన్ని చూసి చీమ అనుకుంటారు.

ఇది కుట్టదు, కరవదు. మెడ మీద ఏదో పాకినట్టనిపిస్తే మనం చూడకుండానే చేత్తో రుద్దేస్తాం. పురుగు నలిగి, దాని ఒంట్లో ఉన్న పెడెరిన్ అనే రసాయనం చర్మానికి అంటుకుంటుంది. చెయ్యి ఎటు రుద్దితే అటే చార పడుతుంది. మోచేయి మడతలో నలిగితే మడతకు అటూ ఇటూ ఒకే ఆకారం అచ్చు వేసినట్టు తేలుతుంది. మంట మొదలవడానికి సుమారు 12 నుంచి 36 గంటలు పడుతుంది. అప్పటికి పురుగును నలిపిన సంగతే మనకు గుర్తుండదు. చేలో కళ్ళకు కనిపించింది సాలీడు కాబట్టి నింద దాని మీద పడుతుంది. అసలు ఆ పురుగు తగిలింది చేలోనే అని కూడా చెప్పలేం. ఇవి రాత్రిళ్ళు దీపాల వెలుగుకు వస్తాయి, కాబట్టి ఇంట్లో లైటు కింద కూర్చున్నప్పుడు మెడ మీద పడి ఉండొచ్చు.

నేను కళ్ళారా చూడలేదు కాబట్టి ఒకసారి డాక్టరుకు చూపించండి. ఈలోగా ఆ చోట సబ్బుతో, నీళ్ళతో బాగా కడిగి, చల్లటి నీళ్ళలో ముంచిన గుడ్డ వేయండి. పొక్కులు చిదమకూడదు. ముఖ్యంగా అక్కడ ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోకుండా చూడండి. ఆ రసాయనం కంట్లో పడితే కన్ను వాచిపోతుంది. మామూలుగా ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. ఇకమీదట అలాంటి పురుగు ఒంటి మీద కనిపిస్తే నలపకుండా ఊదేయమనండి, లేదా కాగితం మీదికి ఎక్కించి విదిలించమనండి. ఈ పురుగుకూ మందు కొట్టక్కర్లేదు. వరి రసం పీల్చే దోమ పిల్లల్నీ, చిన్న గొంగళి పురుగుల్నీ తినే మిత్ర పురుగుల్లో ఇదీ ఒకటి.

డాక్టరుకు చూపించమనడానికి ఇంకో కారణం ఉంది. ‘సాలెపురుగు పాకింది’ అనే మాట కింద దాగిపోయే జబ్బు మరొకటుంది, హెర్పిస్ జోస్టర్. చిన్నప్పుడు వచ్చి పోయిన ఆటలమ్మ వైరస్సే ఏళ్ళ తర్వాత మళ్ళీ లేచి, ఒంటికి ఒక పక్క మాత్రమే పట్టీలా పొక్కులు తెస్తుంది. పొక్కులకు రెండు మూడు రోజుల ముందు నుంచే ఆ చోట సలుపు ఉంటుంది. దీనికి మందులున్నాయి, కానీ పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. సాలీడే అనుకుని ఏవో పసర్లు పూస్తూ ఆ మూడు రోజులూ పోగొట్టుకున్నవాళ్ళు, తర్వాత నెలల తరబడి నరాల నొప్పితో బాధపడటం నేను దగ్గరగా చూశాను. మీ శ్రీమతి గారి చార మెడకు ఒక పక్కనే ఉండి, ముందు నుంచీ సలుపు ఉండి ఉంటే ఆలస్యం చేయకండి.

ఇక సాలీడు కాటు. దాదాపు అన్ని సాలీళ్ళకూ విషం ఉంటుందన్న మాట నిజమే. కానీ అది ఈగనో దోమనో పడగొట్టడానికి సరిపడే విషం. ప్రపంచంలో ఇప్పటిదాకా గుర్తించిన సాలీడు జాతులు 50,000 దాటాయి. వాటిలో మనిషికి ప్రమాదం తెచ్చేవి చాలా కొద్ది. ఎర్ర మచ్చతో నల్లగా, గుండ్రటి పొట్టతో ఉండే విడో సాలీళ్ళు, గోధుమ రంగు రెక్లూజ్ సాలీళ్ళు, ఆస్ట్రేలియాలోని ఫనెల్ వెబ్, దక్షిణ అమెరికాలోని వాండరింగ్ సాలీడు. పేరున్నవి దాదాపు ఇవే. ఫనెల్ వెబ్ కాటుకు కూడా 1981లో విరుగుడు మందు వచ్చింది, ఆ తర్వాత దానితో ఎవరూ చనిపోలేదు. పెద్దగా, వెంట్రుకలతో చూడగానే గుండె ఝల్లుమనిపించే టరాంటులాలు కరిస్తే నొప్పి గట్టిగానే ఉంటుంది, కొన్ని రకాలతో కండరాలు పట్టేస్తాయి. అంతకు మించి ప్రాణాల మీదికి తెచ్చిన దాఖలాలు లేవు. సైజు చూసి విషం అంచనా వేయకండి.

సాలీడు మనల్ని వెతుక్కుంటూ వచ్చి కరవదు. దానికి మన రక్తంతో పనిలేదు. బట్టల్లోనో చెప్పుల్లోనో చిక్కుకుని ఒంటికి అదుముకుపోయినప్పుడు తప్పించుకోవడానికి కొరుకుతుంది. అమెరికాలోని కాన్సస్‌లో ఒక ఇంట్లో ఆరు నెలల్లో 2,055 రెక్లూజ్ సాలీళ్ళను పట్టారు, విషం ఉన్నవే. ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబంలో ఒక్కరికీ కాటు పడలేదు. నేను పాతికేళ్ళుగా చేలల్లో దుబ్బులు విప్పుతూ తిరుగుతున్నాను. నన్ను సాలీడు కరిచింది రెండే సార్లు, రెండుసార్లూ చొక్కా లోపల ఇరుక్కుని. చీమ కుట్టినంత చురుక్కుమంది, గంటలో పోయింది.

‘సాలీడు కరిచిన చోట కుళ్ళిపోతుంది’ అని భయపడేవాళ్ళు చాలామంది. ఆస్ట్రేలియాలో సాలీడును పట్టి తెచ్చి, నిపుణులు దాని జాతి తేల్చిన 750 కాట్లను వరుసగా గమనించారు. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. వాటిలో ఒక్క కాటు కూడా పుండై కుళ్ళలేదు. అమెరికాలో సాలీడు కరిచిందంటూ ఆసుపత్రికి వచ్చిన 182 మందిని పరీక్షిస్తే, నిజంగా సాలీడు కాటు అని తేలింది ఏడుగురికే. ఎక్కువమందికి ఉన్నది చర్మంలో బాక్టీరియా ఇన్ఫెక్షన్. రెక్లూజ్ కాటుతో చర్మం చచ్చిపోయే మాట ఉంది, కాదనను. కానీ సాలీడును ఎవరూ చూడకుండా మానని పుండు వస్తే ముందు ఇన్ఫెక్షన్‌నీ, షుగర్‌నీ అనుమానించాలి.

నిజంగానే కరిస్తే సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేస్తే చాలు. తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దు. నొప్పి కాటు దగ్గర ఆగకుండా పైకి పాకుతున్నా, కడుపు, నడుం కండరాలు పట్టేస్తున్నా, చెమటలు, వాంతులు, ఆయాసం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చిన్నపిల్లలైతే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. వీలైతే ఆ సాలీడుకు ఫోన్‌లో ఒక ఫోటో తీయండి.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని భయపెట్టక తప్పదు. చేలోనో, రాత్రి నిద్రలోనో ఏదో కరిచింది, ఏమిటో చూడలేదు అంటే ‘సాలెపురుగు అయ్యుంటుందిలే’ అని ఊరుకోకండి. కట్లపాము కాటు వేస్తే నొప్పి, వాపు దాదాపు ఉండవు, కోరల గుర్తులు కూడా సరిగా కనిపించవు. కాసేపటికి కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతుంది. చూడని కాటును పాముకాటుగానే భావించి ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు మీ చేను. రేపు పొద్దున ఎండ ఎక్కకముందు మడిలో దిగి, ఒక దుబ్బును రెండు చేతులతో మెల్లగా విడదీసి మొదట్లోకి చూడండి. నీటి మట్టానికి కాస్త పైన బూడిద రంగు సాలీడు ఒకటి కదులుతుంది. అలజడి అయితే నీళ్ళ మీద పరుగెత్తి పక్క దుబ్బు ఎక్కుతుంది, మునగదు. ఆడదైతే వెనకాల తెల్లటి గుండ్రటి మూట మోస్తూ ఉంటుంది. అవి దాని గుడ్లు. పొదిగాక పదుల కొద్దీ పిల్లలు తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతాయి. ఇది లైకోసా సాలీడు. వల కట్టదు, వెంటాడి పట్టుకుంటుంది. రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది, అందులో వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చి, మీకు నిద్ర లేకుండా చేసే సుడిదోమ ముఖ్యమైనది. ఆకుల మధ్య గూళ్ళు కట్టినవి వేరే రకాలు, పైన ఎగిరే రెక్కల పురుగుల్ని అవి పట్టుకుంటాయి.

మందు కొడితే ఏమవుతుందో చెబుతాను. సుడిదోమ గుడ్లు ఆకు తొడిమ లోపల, కణజాలంలో పెడుతుంది. పైన కొట్టిన మందు వాటికి సరిగా తగలదు. మందుకు సాలీళ్ళు, దోమ గుడ్లను తినే మిరిడ్ నల్లులు చస్తాయి. వారం పదిరోజుల్లో గుడ్లు పొదిగి పిల్లలు బయటికొస్తే చేలో వాటిని తినేవాళ్ళే ఉండరు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టిన చేలల్లో సుడిదోమ ముందుకన్నా ఎక్కువై, చేను సుడులు సుడులుగా ఎండిపోవడానికి కారణం ఇదే. ఇండోనేషియా ఈ దెబ్బ బాగా తిని, 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. వరి దిగుబడి పడిపోలేదు.

అందుకని మందు డబ్బా బదులు లెక్క పెట్టుకోండి. వారానికోసారి చేలో అక్కడక్కడ పది ఇరవై దుబ్బులు విప్పి, దోమ ఎంత, సాలీళ్ళు ఎన్ని అని చూడండి. పిలక దశలో దుబ్బుకు 10–15 దోమలు దాటితేనే మందు ఆలోచన చేయాలి. అప్పుడు కూడా దోమకు మాత్రమే పనిచేసే మందేదో మీ దగ్గరి వ్యవసాయ అధికారిని అడిగి, దుబ్బు మొదళ్ళకు తగిలేలా కొట్టాలి. యూరియా ఎక్కువ వేయకండి, మధ్యమధ్య నీరు తీసి మడి ఆరనివ్వండి. పశువుల ఎరువు వేసిన చేలో ముందుగా చిన్న చిన్న నీటి ఈగలు పుడతాయి. పంటకు ఏ హానీ చేయని ఆ ఈగల్ని తింటూ సాలీళ్ళు దోమ రాకముందే పెరుగుతాయి. మీ చేలో ఇప్పుడు అన్ని ఉన్నాయంటే చేను ఆరోగ్యంగా ఉన్నట్టే.

కలుపుకు వచ్చేవాళ్ళ టెన్షన్ మాటలతో పోదు. వాళ్ళతో పాటు మీరూ దిగి, గుడ్ల మూట మోస్తున్న ఆ సాలీడును చూపించండి. పొడుగు చేతుల చొక్కా వేసుకోమనండి, గట్టు మీద విప్పి పెట్టిన బట్టల్ని దులిపి తొడుక్కోమనండి.

గేదె సంగతికొస్తే, గడ్డితో పాటు సాలీడు కడుపులోకి పోయినా ఏమీ కాదు. కాటు ద్వారా ఒంట్లోకి ఎక్కితేనే పనిచేసే విషం అది, కడుపులో మామూలు మేతలాగే అరిగిపోతుంది. గేదె కడుపు ఉబ్బినా, నురగలు కక్కినా సాలీడు మీదికి నెట్టకుండా పశువైద్యుణ్ణి పిలవండి. పక్క చేలవాళ్ళు ఎవరైనా మందు కొట్టి ఉంటే మాత్రం ఆ గట్టు గడ్డి కోయకండి, అటు మేపకండి. మందు డబ్బా మీద ఎన్ని రోజులు ఆగాలని రాసి ఉందో వాళ్ళను అడిగి, అన్ని రోజులూ ఆగండి.